అరికాలి వంపు లేదు, బరువు తగ్గాలి, నడిస్తే నొప్పి: చెన్నైలో ఎవరికైనా ఇలా ఉందా?

పెరుంబాక్కం_నెల్లూరమ్మాయి
జనవరి 12, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. నాకు 36 ఏళ్ళు. ఎత్తు 158 సెంటీమీటర్లు. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు)లో ఆఫీసు, రోజంతా కుర్చీలోనే. నవంబరులో రక్త పరీక్ష చేయిస్తే షుగరు అంచు మీద ఉందన్నారు. అప్పుడు బరువు 78 కిలోలు. మా అమ్మకు షుగరు, అమ్మమ్మకూ షుగరు. భయమేసి మర్నాటి నుంచే రోజుకు 10,000 అడుగులు నడవడం మొదలుపెట్టాను. మా అపార్ట్‌మెంట్ చుట్టూ సిమెంటు బాట ఉంది, దాని మీదే రౌండ్లు కొడతాను.

మూడో వారం నుంచి ఎడమ కాలి చీలమండ దగ్గర, లోపలి వైపు ఎముక కిందుగా లాగుతున్నట్టు నొప్పి. ఇప్పుడు సగం రౌండ్లు అయ్యేసరికి పాదం లోపలికి ఒరిగిపోతోంది. సాయంత్రానికి అక్కడ కాస్త ఉబ్బుతుంది కూడా. ఒక క్లినిక్‌లో చూపిస్తే చెప్పులు కూడా విప్పించకుండా నొప్పి మాత్రలు రాసిచ్చారు. అవి వేసుకుని నడిస్తే ఆ పూట బాగుంటుంది, మర్నాడు రెట్టింపు.

నాకు చిన్నప్పటి నుంచీ అరికాలి వంపు లేదు. కృష్ణాష్టమికి అమ్మ పిడికిలితో వేసే చిన్ని పాదాలకు లోపలి వైపు చక్కని వంపు ఉండేది. నేను స్నానం చేసి వచ్చి గచ్చు మీద నిలబడితే మాత్రం ముద్ర నిండుగా ఇటుకలా పడేది. అప్పుడు నొప్పి లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు 76.8కి వచ్చాను. నడక ఆపేస్తే మళ్ళీ పెరిగిపోతానని దిగులు. ఇంకో మాట. నాన్న ఆపరేషన్ సవ్యంగా జరిగితే అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాను. నాన్న బాగున్నారు. మొక్కు మిగిలింది. ఏం చేయమంటారు?

సైకిల్_సిక్కోలు
జనవరి 12, ఉదయం 8:25

నాదీ బల్లపరుపు పాదమే అక్కా. ఇరవయ్యేళ్ళప్పుడు యూనిఫాం ఉద్యోగానికి వెళ్తే పరుగులో పాసయ్యాను, వైద్య పరీక్షలో పాదాలు చూసి పంపేశారు. అప్పటిదాకా అదొక లోపమని నాకు తెలీదు.

తర్వాత పదేళ్ళలో 112 కిలోలయ్యాను. మీలాగే ఒకేసారి నడక మొదలుపెట్టి, రెండు నెలలు మంచం పట్టినంత పనైంది. ఇప్పుడు 94. ఈ 18 కిలోల్లో నడకతో పోయింది తక్కువ. పళ్ళెంలో మార్పుతోనూ, ఇంట్లో పెట్టుకున్న వ్యాయామం సైకిల్‌తోనూ పోయింది ఎక్కువ. సైకిల్ మీద ఒంటి బరువు సీటు మోస్తుంది, పాదం మోయదు. రోజూ 40 నిమిషాలు తొక్కుతాను. సీటు ఎత్తు సరిగ్గా పెట్టుకుని, పాదం ముందు భాగంతో తొక్కండి. నడకే వ్యాయామం అనుకోకండి, గుండెకు ఏది చేసినా ఒకటే.

వేళచ్చేరి_వనిత
జనవరి 12, ఉదయం 9:40

చెప్పులు లేకుండా గడ్డి మీద, ఇసుక మీద నడిస్తే వంపు దానంతటదే వస్తుందని మా యోగా క్లాసులో చెప్పారు. బీసెంట్ నగర్ బీచిలో రోజూ పొద్దున్నే ఒట్టికాళ్ళతో నడుస్తాను, నాకు హాయిగా ఉంటుంది. ఒకసారి ప్రయత్నించి చూడండి.

కాలిబాట_ఫిజియో
జనవరి 12, రాత్రి 9:55

నేను ఫిజియోథెరపిస్టుని. ఊరు కడప, పని చెన్నైలో. తెర మీద రాసింది చదివి జబ్బు పేరు చెప్పకూడదు కాబట్టి, ఏం చూడాలో మాత్రం చెబుతాను. కొంచెం పొడవుగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మొదట ఒక మాట. పాదం చదునుగా ఉండటం జబ్బు కాదు. పుట్టినప్పుడు అందరి పాదాలూ చదునే. చాలామందికి ఆరేడేళ్ళకల్లా వంపు తేలుతుంది, కొందరికి తేలదు. నొప్పి లేకపోతే వాళ్ళకు వైద్యమే అక్కర్లేదు. కాబట్టి మీ పాదాన్ని తిట్టుకోవద్దు. అది 36 ఏళ్ళు మిమ్మల్ని మోసింది. మూడు వారాల్లో దాని మీద పడిన పని ఎక్కువైంది, అంతే.

అసలు చూడాల్సింది నొప్పి ఎక్కడుందన్నది. పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే మడమ కింద సూది గుచ్చినట్టు ఉండి, పది అడుగులకు తగ్గితే అది అరికాలి పొర నొప్పి, ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. మీరు చెప్పేది అది కాదు. చీలమండ లోపలి ఎముక వెనక నుంచి ఒక కండర తాడు దిగి అరికాలి కింద అతుక్కుంటుంది. టిబియాలిస్ పోస్టీరియర్ అని దాని పేరు. పల్లకీ బొంగును భుజాన మోసినట్టు అరికాలి వంపును మోసేది ప్రధానంగా అదే. వంపు తక్కువున్నవాళ్ళలో దానికి ప్రతి అడుగుకూ పని ఎక్కువ. బరువు పెరిగినా, నడక ఒక్కసారిగా పెంచినా ముందు అలిసేది అదే. లోపలి వైపు లాగుడు, ఉబ్బు, పాదం లోపలికి ఒరగడం అన్నారు కాబట్టి ఆ తాడును తప్పకుండా చూపించండి. మొదట్లో పట్టుకుంటే విశ్రాంతితో, వ్యాయామంతో కుదురుకుంటుంది. అశ్రద్ధ చేసి అది సాగిపోతే పాదం ఆకారమే మారిపోతుంది.

ఇంట్లో రెండు పరీక్షలు చేసి చూడండి. మునివేళ్ళ మీద లేవండి. లేచినప్పుడు అరికాలిలో వంపు కనిపిస్తే మీది మెతక చదును, అంటే బరువు మోపితేనే చదునయ్యే పాదం, మంచి సంగతి. లేచినా వంపు రాకపోతే ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. రెండోది, గోడ పట్టుకుని ఒక్క ఎడమ కాలి మీదే మునివేళ్ళ మీదకు లేవగలరా? మడమ లోపలికి తిరుగుతూ లేవాలి. లేవలేకపోయినా, లేస్తే నొప్పి పెట్టినా ఆ తాడు బలహీనపడిందని అనుమానించాలి. ఇంట్లో ఎవరినైనా మీ వెనక నిలబడి ఫోటో తీయమనండి. ఎడమ వైపు కుడికంటే ఎక్కువ వేళ్ళు బయటకు కనిపిస్తే ఆ ఫోటో డాక్టరుకు చూపించండి.

ఇక మాత్రలు వేసుకుని నడవడం ఈ రాత్రితో ఆపేయండి. నొప్పి ఒక హెచ్చరిక, మాత్ర దాన్ని వినపడకుండా చేస్తుంది, కింద పని జరుగుతూనే ఉంటుంది. ఎవరైనా ఆ తాడు దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామంటే తొందరపడి ఒప్పుకోకండి, తాడు తెగే ప్రమాదం ఉంది. రెండో అభిప్రాయం తీసుకోండి.

వనితగారూ, మీకు నొప్పి లేదు కాబట్టి ఇసుక మీ పాదానికి మంచి కసరత్తే. నొప్పి ఉన్న పాదానికి మాత్రం మెత్తటి ఇసుక శిక్ష. మడమ దిగబడుతుంది, ఆ తాడే మళ్ళీ లాక్కోవాలి. పైగా అలల దగ్గర నేల సముద్రం వైపు వాలుగా ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. పెద్దయ్యాక ఎముకల కూర్పు ఒట్టికాళ్ళతో నడిచినంత మాత్రాన మారదు. కండరం బలపడుతుంది, అదీ నెమ్మదిగా.

వేళచ్చేరి_వనిత
జనవరి 12, రాత్రి 10:20

వాలు సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఎప్పుడూ ఒకే వైపు వెళ్ళి ఆటోలో తిరిగొస్తాను. నాకు కుడి మోకాలు అప్పుడప్పుడూ పట్టేస్తుంది, రేపటి నుంచి రెండు వైపులా నడిచి చూస్తాను. నెల్లూరమ్మాయిగారూ, నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

పెరుంబాక్కం_నెల్లూరమ్మాయి
జనవరి 13, ఉదయం 6:35

మునివేళ్ళ మీద లేస్తే రెండు పాదాలకూ వంపు వచ్చింది! మా ఆయన ఫోటో తీశారు. కానీ ఎడమ కాలు ఒక్కదాని మీద లేవబోతే ఒకటిన్నర సారి, అంతే. కుడి మీద తొమ్మిది. చూస్తే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా బాట మీద రౌండ్లు ఎప్పుడూ ఒకే దిశలో కొడతాను, మలుపుల్లో ఎడమ కాలే లోపల ఉంటుంది. శనివారానికి ఎముకల డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

మైలాపూరు_పెద్దాయన
జనవరి 13, ఉదయం 11:05

అమ్మా, కన్నీళ్ళు పెట్టుకోవాల్సింది ఏమీ లేదు. నాకు 67 ఏళ్ళు, మూడు తరాలుగా మద్రాసు తెలుగువాళ్ళం. నేను రోజూ నడిచేది లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో. మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు పెట్టిన పార్కు. ఆంధ్రపత్రిక నడిపిన మహానుభావుడు, అమృతాంజనాన్ని 1893లో మొదలుపెట్టినవాడు. ఆయన బెంచీ మీద కూర్చుని ఆయన మందే కాలికి రాసుకుంటున్నానని నాకెప్పుడూ ఒక తృప్తి. అయితే అనుభవంతో చెబుతున్నాను, ఆ రాపిడి గంటసేపు ఉపశమనం ఇస్తుంది. మూలం అక్కడ లేదు.

నాది మడమ నొప్పి, ఫిజియోగారు చెప్పిన మొదటి రకం. నాకు నయమైంది రెండు పనులతో. మంచం దిగకముందే వేళ్ళను చేత్తో వెనక్కి వంచి అరికాలిని సాగదీయడం ఒకటి. రెండోది ఇంట్లో చెప్పులు. మా ఇంట్లో నేల అంతా రాయి. వంటింట్లో ఒట్టికాళ్ళతో గంటల తరబడి నిలబడే ఆడవాళ్ళ మడమలు ఏమవుతాయో ఎవరూ ఆలోచించరు. ఇంట్లో చెప్పులేమిటని మా ఇంటావిడ మొదట ఒప్పుకోలేదు. బయట మట్టి తగలని కొత్త జత ఇంటికని విడిగా పెట్టి, పూజగది గడప దగ్గర విడిచేస్తానని చెప్పాక ఒప్పుకుంది. ఇప్పుడు ఆవిడా వేసుకుంటోంది.

టీనగర్_చెప్పులకొట్టు
జనవరి 13, రాత్రి 11:15

నేను టీనగర్‌లో పద్దెనిమిదేండ్లుగా బూట్ల కొట్లో పని చేస్తా ఉండా. మాది చిత్తూరు పక్క. మేము అమ్మే మాట వేరు, ఇక్కడ చెప్పే మాట వేరు, నమ్మండి.

చానా మంది వేలు పెట్టి నొక్కి చూసి ‘మెత్తగా ఉండాది’ అని తీసుకుంటారు. చదును పాదానికి మెత్తదనం శత్రువు. మీరు చూడాల్సింది మూడు. వెనక మడమ కప్పును రెండు వేళ్ళతో గట్టిగా నొక్కండి, అణగకూడదు. బూటును రెండు చేతులతో తడిబట్ట పిండినట్టు మెలిపెట్టండి, మెలి తిరక్కూడదు. ముందు వేళ్ళ దగ్గర మాత్రమే వంగాల, మధ్యలో వంగేది వద్దు. ఇవి మూడూ ఉంటే ధర తక్కువదైనా మంచిదే. పేరున్న వాటిలో పాదం లోపలికి పడకుండా ఆపే రకాలు ఉండాయి. ఆసిక్స్‌లో జీటీ-2000, కయానో. బ్రూక్స్‌లో అడ్రినలిన్ జీటీఎస్. వేసుకుని కొట్లోనే పది నిమిషాలు నడవండి, మీ కాలికి సుఖంగా లేనిది ఎంత పేరున్నా వద్దు.

సాయంత్రం రండి. పొద్దున కంటే పాదం సాయంత్రానికి ఉబ్బి ఉంటాది, మన చెన్నై ఎండకు ఇంకా. రెండు పాదాలూ కొలిపించుకోండి, పెద్ద పాదానికి సరిపోయేది తీసుకోండి. పాత బూట్లు పారేయకుండా తెచ్చి చూపించండి. లోపలి అంచు అరిగిందో బయటి అంచు అరిగిందో చూస్తే మాకు సగం తెలిసిపోతాది. 500 నుంచి 800 కిలోమీటర్లు నడిచాక పైకి బాగున్నా లోపలి ఫోమ్ చచ్చిపోతాది, మార్చేయాల.

సైకిల్_సిక్కోలు
జనవరి 14, ఉదయం 7:50

కొట్టు అన్నగారూ, ఎన్నేళ్ళ నుంచో వెతుకుతున్న సమాచారం ఇది. లోపల పెట్టుకునే ఇన్‌సోల్ సంగతి కూడా చెప్పండి. నేను కొలతలిచ్చి వేలు పోసి చేయించుకున్నాను, తర్వాత కొన్న రెడీమేడ్‌తో పోలిస్తే నాకేమీ తేడా తెలియలేదు.

కాలిబాట_ఫిజియో
జనవరి 14, మధ్యాహ్నం 1:30

ఇన్‌సోల్ గురించి నేను చెబుతాను. మడమ నొప్పి విషయంలో చేయించినవాటికీ రెడీమేడ్ వాటికీ పెద్ద తేడా పరిశోధనల్లో కనిపించలేదు. అందుకే ముందు వంపు దగ్గర గట్టిగా ఉండే రెడీమేడ్ తీసుకోండి. స్పాంజిలా నలిగేది వద్దు. మొదటి రోజు గంట, మర్నాడు రెండు గంటలు, అలా పెంచుకుంటూ వెళ్ళాలి. ఇన్‌సోల్ వంపును పుట్టించదు, తాడు మీద భారం తగ్గిస్తుంది. కళ్ళజోడు లాంటిది, తీస్తే పాదం మళ్ళీ పాతదే. పాదం బాగా వంకర తిరిగినవాళ్ళకు, గట్టిబడినవాళ్ళకు చేయించుకున్నదే కావాలి.

వ్యాయామాలు అడుగుతూ చాలామంది విడిగా రాశారు, ఇక్కడే చెబుతాను. మొదటిది పిక్క సాగదీయడం. చదును పాదాల వాళ్ళలో పిక్కలు బిగుసుకుని ఉంటే మడమ త్వరగా లేచిపోయి, ఆ భారమంతా అరికాలి మధ్యకు వస్తుంది. గోడకు రెండు చేతులు ఆనించి ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు అంటించి, మోకాలు నిటారుగా 30 సెకన్లు. తర్వాత అదే మోకాలు కొద్దిగా వంచి ఇంకో 30 సెకన్లు. రెండో భంగిమ చాలామంది వదిలేస్తారు, లోపలి పిక్క కండరానికి అదే ముఖ్యం. పాదం బయటకు తిరక్కుండా వేళ్ళు సూటిగా ఉంచండి.

రెండోది పాదాన్ని పొట్టి చేయడం. కుర్చీలో కూర్చుని, వేళ్ళు ముడవకుండా, బొటనవేలి మొదలును మడమ వైపు లాక్కున్నట్టు చేయండి. వంపు లేస్తుంది. ఐదు సెకన్లు ఆపి వదలండి, పది సార్లు. మొదటి వారం ఏమీ కదలదు. కదలట్లేదని మానేయకండి, మెదడుకు ఆ కండరం దారి తెలియడానికి టైం పడుతుంది. మూడోది, డాక్టరు సరేనన్నాక, రెండు మడమల మధ్య టెన్నిస్ బంతి పెట్టుకుని, దాన్ని నొక్కుతూ మునివేళ్ళ మీదకు లేవడం. లేవడానికి రెండు సెకన్లు, దిగడానికి మూడు. దిగడంలోనే బలం వస్తుంది.

తుంటిని మరిచిపోకండి. పక్కకు పడుకుని కాలు ఎత్తడం, వెల్లకిలా పడుకుని నడుము ఎత్తే సేతుబంధాసనం, ఈ రెండూ తుంటికి బలమిస్తాయి. తుంటి బలహీనమైతే మోకాలు లోపలికి పడి పాదాన్ని ఇంకా లోపలికి తోస్తుంది.

నొప్పికి పదిలో మార్కులు వేసుకోండి. చేస్తున్నప్పుడు మూడు దాటకూడదు, మర్నాడు పొద్దునకల్లా మామూలైపోవాలి. కాకపోతే నిన్న ఎక్కువ చేశారన్నమాట. తాడాట, జుంబా, పరుగు ఇప్పుడొద్దు. పరుగులో ఒక్కో అడుగుకూ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల దెబ్బ పాదం మీద పడుతుంది.

అంబత్తూరు_అబ్బాయి
జనవరి 14, రాత్రి 8:40

మా అమ్మకు 61. పదిహేనేళ్ళుగా షుగరు. ఆమె కుడి పాదం చదునుగా అయిపోయింది, ఎర్రగా వేడిగా వాచింది. నొప్పి పెద్దగా లేదంటుంది. పైన చెప్పిన వ్యాయామాలు చేయించవచ్చా?

కాలిబాట_ఫిజియో
జనవరి 14, రాత్రి 8:52

చేయించకండి. దయచేసి రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి, అప్పటిదాకా ఆ కాలి మీద బరువు మోపనివ్వకండి. చాలా ఏళ్ళ షుగరు ఉండి, పాదం ఎర్రగా వేడిగా వాచి, నొప్పి లేకపోతే అది మరింత ప్రమాదం. స్పర్శ తగ్గిన పాదంలో ఎముకలు విరిగి కుంగిపోతున్నా తెలియదు. షార్కో పాదం అంటారు. పుండో, ఇన్‌ఫెక్షనో కూడా కావచ్చు. ఏదైనా ఆగే విషయం కాదు.

అంబత్తూరు_అబ్బాయి
జనవరి 17, సాయంత్రం 6:15

మీరు చెప్పినట్టే అయింది. షార్కోనే అన్నారు. మోకాలి కింద దాకా కట్టు వేశారు, నెలల తరబడి ఉంచాలట. ఇంకో వారం నడిపించి ఉంటే పాదం దక్కేది కాదన్నారు. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. కట్టు తీశాక ప్రత్యేకమైన బూట్లు కావాలన్నారు, ఎక్కడ చేస్తారు?

మైలాపూరు_పెద్దాయన
జనవరి 17, రాత్రి 7:30

అమ్మగారు త్వరగా కోలుకోవాలి నాయనా. కె.కె.నగర్‌లో ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థ ఉంది. కృత్రిమ అవయవాలు, కాలికి తొడిగే ఆధారాలు చేసేది అక్కడే. ముందు వెళ్ళి కనుక్కో.

పెరుంబాక్కం_నెల్లూరమ్మాయి
జనవరి 18, ఉదయం 10:10

డాక్టరు పాదం పట్టుకుని పావుగంట చూశారు. అల్ట్రాసౌండ్ తీయించారు. ఆ తాడు చుట్టూ వాపు ఉంది, చిరగలేదు. మూడు వారాలు నడక పూర్తిగా ఆపమన్నారు, చీలమండకు పట్టీ, బూటులో ఇన్‌సోల్. ఇంట్లో కూడా ఒట్టికాళ్ళతో తిరగొద్దన్నారు. నేను బరువు సంగతి అడిగాను. నడక లేకుండా ఎలా అని నాకు ఇంకా బెంగే.

సైకిల్_సిక్కోలు
జనవరి 18, ఉదయం 11:00

అక్కా, లెక్క చూడండి. మీ బరువుకు గంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 270 కేలరీలు. ఒక టేబుల్ స్పూను నూనెలో 120. రోజుకు మూడు ఫిల్టర్ కాఫీలు, ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర వేస్తే అదే ఇంకో 120. తాలింపులో ఒక టేబుల్ స్పూను నూనె తగ్గించి, కాఫీలో చక్కెర మానేస్తే గంట నడకలో చాలా భాగం అక్కడే వచ్చేసింది. రోజుకు 500 తగ్గిస్తే వారానికి అరకిలో దాకా తగ్గుతారు. అంతకంటే తొందర వద్దు.

నేను అన్నం మానలేదు. ముందు కూర, పప్పు, ఆ తర్వాత అన్నం. సాయంత్రం మిక్చర్ బదులు ఉడికించిన శనగలు. పొద్దున పెసరట్టు, నూనె చుక్కలతో. కండరం పోకుండా ఉండాలంటే పప్పు, గుడ్డు, పెరుగు తగ్గించకూడదు. మూడు వారాలు సైకిల్ తొక్కండి, చేతులకు డంబెల్స్ చేయండి. ఈతకొలను దొరికితే ఇంకా మంచిది. ఛాతీ లోతు నీళ్ళలో నిలబడితే పాదాల మీద పడేది ఒంటి బరువులో మూడో వంతే. వేళచ్చేరిలో ఈతకొలనుల సముదాయం ఉంది, మీకు దగ్గరే. ఆడవాళ్ళకు వేరే సమయం ఉందేమో అడగండి.

పెరుంబాక్కం_నెల్లూరమ్మాయి
ఫిబ్రవరి 23, ఉదయం 7:20

ఐదు వారాల తర్వాత వస్తున్నాను. మూడు వారాలు నడవలేదు. భయపడినట్టు బరువు పెరగలేదు. ఇప్పుడు 74.6. ఉబ్బు పోయింది. రెండు వారాల కిందట నడక మళ్ళీ మొదలుపెట్టాను, రోజు విడిచి రోజు, పది నిమిషాలతో. ఇప్పుడు 18 నిమిషాలు. ఒక రోజు ఆ దిశలో, ఒక రోజు ఈ దిశలో. కొట్టు అన్నగారు చెప్పినట్టు బూట్లు సాయంత్రం వెళ్ళి కొన్నాను, నా రెండు పాదాలకూ అర సైజు తేడా ఉందని ఈ వయసులో తెలిసింది.

అలిపిరి గురించి పెద్దాయనగారిని అడగాలి. ఈ సంవత్సరం మొక్కు తీర్చుకోవచ్చంటారా?

మైలాపూరు_పెద్దాయన
ఫిబ్రవరి 23, ఉదయం 9:00

అలిపిరి దారి 3,550 మెట్లమ్మా, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, ఒట్టికాళ్ళతో. శ్రీవారి మెట్టు దారి 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకే, కానీ నిటారు. స్వామి గడువు పెట్టలేదు. మీ నాన్నగారు బాగున్నారు కదా, అదే ఆయన అనుగ్రహం. కాలు కుదురుకున్నాక వెళ్ళండి, కావాలంటే ఎక్కేటప్పుడు నడిచి, దిగేటప్పుడు బస్సెక్కండి.

కాలిబాట_ఫిజియో
ఫిబ్రవరి 23, మధ్యాహ్నం 2:15

రెండు కాళ్ళ మీదా సమానంగా, ఒక్కో కాలి మీద ఇరవై సార్లు నొప్పి లేకుండా లేవగలిగాక మెట్ల గురించి మాట్లాడుకుందాం. ముందు మీ అపార్ట్‌మెంట్ మెట్లు, బూట్లతో. తర్వాత పలుచని మేజోళ్ళతో. ఇప్పుడు ఎన్ని వస్తున్నాయి?

పెరుంబాక్కం_నెల్లూరమ్మాయి
ఫిబ్రవరి 23, రాత్రి 9:05

కుడి కాలి మీద పదహారు. ఎడమ కాలి మీద ఈ రోజు ఏడు వచ్చాయి.